ఎద్దుల ఆవుల గుండుకు బయల్దేరే ముందు

ఏలూరు నుంచో తాడేపల్లిగూడెం నుంచో ఆదిమానవుల రాతి బొమ్మలు చూడ్డానికి వెళ్లాలనుకునేవాళ్లకి మొదటి చిక్కు రాయి దగ్గరే. మన చుట్టుపక్కల రాయి లేదు. కైకలూరు, ఆకివీడు, గణపవరం, ఎటు తవ్వినా ఒండ్రుమట్టే. ఇంటి పునాదికి వేసే రాయి కూడా లారీ మీద రావాల్సిందే. భూగర్భ శాస్త్రజ్ఞుల అంచనా ప్రకారం సుమారు 6,000 ఏళ్ల కిందట సముద్రపు ఒడ్డు ఇప్పటి కొల్లేరు దాకా ఉండేది. కృష్ణా గోదావరులు తెచ్చిపోసిన మట్టితో ఒడ్డు క్రమంగా తూర్పుకీ దక్షిణానికీ జరిగింది, రెండు డెల్టాల నడుమ పల్లం కొల్లేరుగా మిగిలింది. రాయలసీమ కొండల్లో ఎవరో కావిరంగు అద్ది బొమ్మలు వేస్తున్న రోజుల్లో మన ఊళ్లలో చాలావాటికి నేలే ఇంకా ఏర్పడలేదు. కాబట్టి రాతి బొమ్మ కావాలంటే నీళ్ల సీమ వదిలి ఎండు సీమకు పోవాలి. ప్రయాణం దూరం, చూడబోయేది అరుదు, దానికి కాపలా లేదు. అందుకే ప్లాను గట్టిగా వేసుకోవాలి.

మన వాళ్లలో చాలామంది రాతి బొమ్మలను ముందుగా చూసేది ఇక్కడ కాదు, అమెరికాలో. పిల్లల దగ్గరికి వెళ్లిన అమ్మానాన్నలను లాస్‌వేగాస్ తీసుకెళ్తారు, అక్కణ్ణుంచి గంట ప్రయాణంలో వ్యాలీ ఆఫ్ ఫైర్ ఎడారి పార్కుకు తీసుకెళ్తారు. ఎర్రటి ఇసుకరాయి, దాని మీద గొర్రెలు, మనుషులు, చుట్టలు తిరిగిన గీతలు. అట్‌లాటల్ రాక్ అనే బండ దగ్గర బొమ్మలదాకా ఇనుప మెట్లు కట్టారు. ఎండలు మండే నెలల్లో కొన్ని కాలిబాటలు మూసేస్తారు. వెళ్లొచ్చినవాళ్లు ఫొటోలు చూపించి, మన దేశంలో ఇలాంటివి లేవు కదా అంటారు. ఉన్నాయి. మధ్యప్రదేశ్‌లోని భీంబేట్కా సంగతి చాలామంది వినే ఉంటారు. పురావస్తు పరిశోధకుడు వాకణ్‌కర్ 1957లో గుర్తించిన ఆ గుహలకు 2003లో యునెస్కో ప్రపంచ వారసత్వ హోదా వచ్చింది. అంత దూరం కూడా పోనక్కర్లేదు. కడప జిల్లా ముద్దనూరు మండలం చింతకుంట దగ్గర, కర్నూలు జిల్లా ఓర్వకల్లు మండలం కేతవరం దగ్గర, తెలంగాణలో భూపాలపల్లి జిల్లా రేగొండ మండలంలోని పాండవుల గుట్టలో, ఇలా మనకు చాలా చోట్లే ఉన్నాయి. వీటిలో ఏలూరుకు దగ్గర పాండవుల గుట్ట. ఖమ్మం, వరంగల్ మీదుగా పోవచ్చు. అది అడవి మధ్య ఇసుకరాతి గుట్ట. ఎండు నేల, ముళ్ల పొదలు, బోడి బండలు, వాటి మీద ఎర్ర బొమ్మలు చూడాలనుకునేవాళ్లకు నా ఓటు చింతకుంటకే.

చింతకుంట గుండ్లను విద్వత్ లోకానికి పరిచయం చేసినవాడు ఆస్ట్రియా పరిశోధకుడు ఎర్విన్ న్యూమేయర్. ఆంధ్రదేశపు రాతి బొమ్మల మీద ఎన్నో ఏళ్లు తిరిగి పుస్తకాలు రాసిన ఆచార్యుడు ఎన్. చంద్రమౌళి. ఇక్కడ పదిదాకా రాతి నీడలు, అంటే బండ కింద తలదాచుకునే చోట్లు, ఉన్నాయి. బొమ్మలు 200 పైచిలుకు. చాలామటుకు ఎరుపు, కొద్దిగా తెలుపు. మూపురం ఎద్దులు, జింకలు, ఏనుగు మీద ఎక్కిన మనుషులు, అర్థం తెలియని గళ్లూ గీతలూ కనిపిస్తాయి. ఎద్దుల బొమ్మలున్న పెద్ద గుండును అక్కడివాళ్లు ఎద్దుల ఆవుల గుండు అంటారు. దారి అడిగేటప్పుడు ఆ పేరే వాడండి. ప్రాచీన శిలా చిత్రకళ అని అడిగితే ఎదుటివాళ్లు మొహమొహాలు చూసుకుంటారు.

ముందుగా ఒక సలహా. రాయలసీమకు టిక్కెట్టు తీసుకునే ముందు ఒక ఆదివారం కామవరపుకోట మండలం జీలకర్రగూడెం వెళ్లండి. గుంటుపల్లి బౌద్ధ గుహలని మనం పిక్నిక్‌కు వెళ్లే కొండే. ఏలూరుకు నలభై కిలోమీటర్లు. అక్కడ రంగు బొమ్మలు లేవు, అయినా సాధనకు అదే మంచి చోటు. కొండను తొలిచిన గుండ్రటి చైత్యగృహంలోకి ఎండలోంచి ఒక్కసారిగా వెళ్తే నల్లగా తప్ప ఏమీ కనిపించదు. చాలామంది ఆ నలుపునే ఫొటో తీసుకుని బయటికి వచ్చేస్తారు. లోపలే ఐదు నిమిషాలు కదలకుండా నిలబడండి. కళ్లు చీకటికి అలవాటు పడ్డాక పైకప్పులో దూలాలు, వాసాలు ఒకటొకటిగా తేలతాయి. అవి కర్రవి కావు. క్రీస్తుకు పూర్వం రెండు, ఒకటో శతాబ్దాల నాటి శిల్పి కర్రతో కట్టిన ఇంటి కప్పును రాతిలో అచ్చంగా చెక్కాడు. బీహారులోని బరాబర్ గుహలతో దీన్ని పోలుస్తారు. ఆ ఐదు నిమిషాల ఓపిక రాకపోతే చింతకుంటలో మీకు బండ తప్ప బొమ్మ కనిపించదు. పిల్లలను తీసుకెళ్లేట్టయితే ఈ సాధన మరీ అవసరం.

ఇక దారి. ఏలూరు, తాడేపల్లిగూడెం హౌరా–చెన్నై ప్రధాన మార్గంలో ఉన్నాయి, కడప–ముద్దనూరు ముంబై–చెన్నై మార్గంలో ఉన్నాయి. రెంటినీ కలపడానికి నాకు నచ్చిన దారి విజయవాడ, గుంటూరు మీదుగా నంద్యాల చేరేది. దిగువమెట్ట దాటాక రైలు నల్లమల ఎక్కుతుంది, బొగద సొరంగంలోంచి బయటపడి చలమ మీదుగా నంద్యాల మైదానంలో దిగుతుంది. పచ్చటి నేల వదిలి రాతి నేలలోకి అడుగుపెడుతున్న సంగతి కిటికీలోంచే తెలుస్తుంది. అందుకే ఈ భాగం పగలు దాటేట్టు చూసుకుంటే మంచిది. నంద్యాల నుంచి బనగానపల్లె, జమ్మలమడుగు మీదుగా ఎర్రగుంట్లకు 2016లో రైలు మార్గం పూర్తయింది. ఎర్రగుంట్ల పక్కనే ముద్దనూరు. కారులో పోతే నాలుగు వందల కిలోమీటర్ల పైమాటే. ఒక్క బిగిన నడిపి, అలసిపోయి, ఆ సాయంత్రమే గుట్ట ఎక్కాలని చూడకండి. జమ్మలమడుగులోనో ప్రొద్దుటూరులోనో గండికోటలోని పర్యాటక శాఖ హరిత హోటల్లోనో రాత్రికి దిగండి.

ఇక్కడే చాలామంది ప్లాను పాడవుతుంది. ఇంత దూరం వచ్చాం కదా అని గండికోట, బెలుం గుహలు, యాగంటి, ఒంటిమిట్ట, పుష్పగిరి అన్నీ రెండు రోజుల్లో ఇరికించి, మధ్యలో గంట చింతకుంటకు కేటాయిస్తారు. ఆ గంటలో ముప్పావు గుండు వెతకడానికే పోతుంది. నా మాట వింటే రాతి బొమ్మలకు ఒక పూర్తి రోజు ఇవ్వండి. ఆ రోజు వేరే ఏమీ పెట్టుకోవద్దు. గండికోట ఎక్కడికీ పోదు, దానికి కాపలా ఉంది, రోడ్డుంది. మర్నాడు చూసుకోవచ్చు.

ఎప్పుడు వెళ్లాలి? డిసెంబరు మొదలు ఫిబ్రవరి మొదటి వారాల దాకా. రాయలసీమ పడమటి కనుమల వాననీడలో ఉంటుంది, నైరుతి వానలు తక్కువ. కానీ కడప వైపు ఈశాన్య రుతుపవనాలు అక్టోబరు, నవంబరుల్లో గట్టిగా కురవగలవు. 2021 నవంబరు 19న చెయ్యేరు పొంగి అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగిన సంగతి మనకు గుర్తుండే ఉంటుంది. వాన పడిన వారంలో గుట్టల దారులు, వంకలు నమ్మదగినవి కావు. మార్చి దాటాక ఎండ గురించి చెప్పనక్కర్లేదనుకుంటాం కానీ, కోస్తావాళ్లకి ప్రత్యేకంగా చెప్పాలి. మన దగ్గర ఉక్క ఎక్కువ, చెమట ఒంటి మీదే నిలుస్తుంది, చొక్కా తడుస్తుంది. దాన్ని చూసి నీళ్లు తాగుతాం. అక్కడి పొడిగాలిలో చెమట పట్టినది పట్టినట్టే ఆరిపోతుంది. ఒంట్లో నీళ్లు తగ్గుతున్న సంగతి చొక్కా చెప్పదు. పెదవులు పగిలి, తల నొప్పి మొదలయ్యాక గానీ తెలియదు. అందుకే దాహంతో పని లేకుండా వేళ ప్రకారం తాగాలి. మనిషికి నాలుగు లీటర్లు మోసుకెళ్లండి, ఓఆర్‌ఎస్ పొట్లాలు పెట్టుకోండి. గుట్ట దగ్గర కొట్టు ఉండదు.

కాళ్లకు చెప్పులు పనికిరావు. బూట్లు వేసుకోండి. బండల సందుల్లో రక్తపింజరి, కట్లపాము ఉండొచ్చు. కనిపించని చోట చెయ్యి పెట్టకూడదు, పిల్లలను పెట్టనివ్వకూడదు. పాములకంటే ప్రమాదం తేనెటీగలు. పెద్ద తుట్టెలు వేలాడేది ఇలాంటి చరియల కిందే. పొగ పెట్టొద్దు, సెంటు రాసుకుని పోవద్దు, పైన తుట్టె ఉంటే ఆ గుండును వదిలేసి ఇంకోదాని దగ్గరికి పోండి. ఫోను సిగ్నలు మీద నమ్మకం పెట్టుకోకుండా, ఎక్కడికి పోతున్నారో, ఎప్పటికి తిరిగొస్తారో బస చేసిన చోట చెప్పి వెళ్లండి.

ఊళ్లో దారి తెలిసిన మనిషిని వెంట తీసుకోవడం మర్యాదా, జాగ్రత్తా రెండూ. మేకలు, గొర్రెలు కాసేవాళ్లకు ఈ బండలు ఇంటి గోడలంత తెలుసు. ఏ నీడలో ఏ బొమ్మ ఉందో, ఏది ఏ పొద్దుకు బాగా కనిపిస్తుందో పుస్తకాల కంటే వాళ్లే బాగా చెప్పగలరు. ఒక రోజు కూలికి తక్కువ కాకుండా డబ్బు ముందే మాట్లాడుకోండి. ఊరివాళ్లకు ఆ గుండు వల్ల నాలుగు డబ్బులు వస్తే, ఆ గుండు ఉండాలని కోరుకునేవాళ్లు నలుగురు పెరుగుతారు.

ఇప్పుడు గుండు దగ్గరికి. మొదట నీడలో కూర్చోండి. ఎరుపు మీద ఎరుపు కాబట్టి బండ మీద ఏది రంగో, ఏది రాతిలోని ఇనుపమరకో వెంటనే తేలదు. ఇనుపమరకకు అంచు ఉండదు, పాకినట్టు, కారినట్టు ఉంటుంది. బొమ్మకు అంచు ఉంటుంది, ఒక చోట మొదలై ఇంకో చోట ఆగుతుంది. ఆ ఆగిన చోటు పట్టుకుని కంటితో వెనక్కి వెళ్తే కొమ్ము తేలుతుంది, కొమ్ము వెంట మూపురం, మూపురం వెంట వెన్ను. ఒక ఎద్దు దొరికాక మిగతావి వాటంతటవే కనిపించడం మొదలవుతుంది.

ఆ ఎద్దు దగ్గర కాస్త ఆగండి. వాడిన రంగు కావిరాయి, అంటే ఇనుప ఖనిజం. ఇంటి గడపలకు, గుడి గోడలకు మనం కొట్టే కావి కుటుంబమే. దాన్ని నూరి, నీళ్లతోనో మరి దేనితోనో కలిపి పూసినప్పుడు ఆ నుసి రాతి గరుకులోకి దిగింది. బండ రేణువుల మధ్య ఇరుక్కుంది. వేల ఏళ్లు నిలవడానికి అదే కారణం. పక్కనున్న తెల్ల బొమ్మను చూడండి, దాని తీరు వేరు. తెల్లసుద్ద రాయిలోకి ఇంకదు, పైన పొరలా కూర్చుంటుంది, చెక్కులు చెక్కులుగా రాలిపోతుంది. ఎక్కడైనా ఒక రంగు ఇంకో రంగు మీదుగా పోతే, పైనున్నది తర్వాత వేసినదని అర్థం. ఒకే బండ మీద ఇలా ఒక తరం బొమ్మ మీద ఇంకో తరం బొమ్మ వేసుకుంటూ పోయింది. వేటాడి బతికిన కాలపు జింకలున్నాయి, పశువులు కాసిన కాలపు ఎద్దులున్నాయి, ఏనుగులెక్కిన మనుషులు ఇంకా తర్వాతివాళ్లు. అన్నింటినీ కలిపి పదివేల ఏళ్ల నాటివి అని చెప్పేవాళ్లను నమ్మకండి. రంగు బొమ్మ వయసు కట్టడం చాలా కష్టం. కావిరాయిలో కార్బన్ ఉండదు కాబట్టి రేడియో కార్బన్ పద్ధతి నేరుగా పనిచేయదు.

వయసు కట్టగలిగిన అరుదైన సందర్భం ఒకటి మన రాష్ట్రంలోనే ఉంది. బేతంచెర్ల దగ్గరి బిల్లసర్గం గుహలను 1880ల్లో భూగర్భ శాస్త్రజ్ఞుడు రాబర్ట్ బ్రూస్ ఫుట్, ఆయన కొడుకు హెన్రీ తవ్వారు. అదే గుహల్లో సున్నపునీళ్లు చుక్క చుక్కగా పడి పేరుకున్న ఒక రాతి దిబ్బ మీద, ఒకదానిలో ఒకటి ఒదిగిన వజ్రాకారపు గీతలు చెక్కి ఉన్నాయి. ఆ సున్నపు పొరల్లో కార్బన్ ఉంటుంది. దాన్ని పరీక్షించిన పరిశోధకులు ఆ చెక్కడం సుమారు 5,000 ఏళ్ల నాటిదని 2013లో ప్రకటించారు. కొల్లేరు గురించి మొదట చెప్పిన లెక్కతో దీన్ని కలిపి చూడండి.

ఎద్దులే ఎందుకు ఇన్ని? దక్కనులో క్రీస్తుకు పూర్వం 3000 నుంచి సుమారు రెండు వేల ఏళ్ల పాటు పశువుల కాపరుల నాగరికత ఒకటి నడిచింది. పెద్ద పెద్ద దొడ్లు కట్టి, పేరుకున్న పేడను పదేపదే కాల్చేవారు. అలా మిగిలిన బూడిద దిబ్బలు అనంతపురం, బళ్లారి, మహబూబ్‌నగర్ ప్రాంతాల్లో ఇప్పటికీ ఉన్నాయి. మహబూబ్‌నగర్ వైపు ఉట్నూరు దిబ్బను 1957లో తవ్విన పురావస్తు శాస్త్రజ్ఞుడు రేమండ్ ఆల్చిన్, బూడిదలో పశువుల గిట్టల గుర్తులు కూడా చూశాడు. ఆస్తి, ఆహారం, పూజ అన్నీ పశువే అయిన మనుషులు బండ మీద ఇంకేం వేస్తారు? బళ్లారి పక్కన కుప్పగల్లులో కొండంతా ఎద్దుల చెక్కడాలే. అక్కడి నల్లరాళ్లలో కొన్నింటిని కొడితే గంటలా మోగుతాయి, కొట్టి కొట్టి పడిన గుంటలూ ఉన్నాయి. రాతి క్వారీల వల్ల ఆ చెక్కడాలు పోతున్నాయని పరిశోధకులు 2004లోనే గోలపెట్టారు.

పోవడం అనే మాట దగ్గర నేను ఎక్కువసేపు ఆగుతాను. రాతి బొమ్మ మీద మనం చేసే పాపాల్లో మొదటిది నీళ్లు చల్లడం. తడిపితే రంగు ఒక నిమిషం మెరుస్తుంది, ఫొటో బాగా వస్తుంది. ఆరినప్పుడు నీళ్లలోని ఉప్పు రాతి మీద తెల్లగా పేరుకుంటుంది, ఆ ఉప్పు స్ఫటికాలు రాతి పైపొరను నెట్టి రంగుతో సహా ఊడగొడతాయి. మన డెల్టాలో ఉప్పునీటి ఊళ్ల ఇళ్ల గోడలకు పెచ్చులూడే పద్ధతే ఇది. రెండోది గీతలు తేలడానికి సుద్దముక్కతో దిద్దడం. దాంతో బొమ్మ మీద మన గీత పడుతుంది, రేపు ఎవరైనా పరీక్ష చేయాలన్నా లెక్క తప్పుతుంది. మూడోది చెయ్యి వేసి ఫొటో దిగడం. చేతి నూనె, చెమట రంగుకు పడవు. పేర్లు చెక్కేవాళ్ల గురించి, బండ కింద మంట పెట్టి వంట చేసేవాళ్ల గురించి చెప్పేదేముంది. గుంటుపల్లి లాంటి కేంద్ర పురావస్తు శాఖ రక్షిత స్థలాల్లో నష్టం చేస్తే 1958 నాటి చట్టం కింద రెండేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా ఉన్నాయి. గుట్టల మధ్య ఒంటరి గుండు దగ్గర మాత్రం చట్టం కంటే ముందు చేరేది మనమే. అక్కడ చూడ్డానికి వచ్చినవాడే కాపలాదారు.

ఫొటో తీసుకోవద్దని కాదు. తడపకుండానే తేల్చే ఉపాయం ఉంది. జాన్ హార్మన్ అనే అమెరికన్ 2005లో డీస్ట్రెచ్ అనే కంప్యూటరు ప్రోగ్రాం తయారుచేశాడు. ఉపగ్రహ చిత్రాల్లో రంగుల తేడాలను పెంచి చూపే పద్ధతిని ఆయన రాతి బొమ్మలకు వాడాడు. మామూలు ఫోనుతో తీసిన ఫొటోను అందులో వేస్తే, కంటికి మాసిపోయినట్టున్న ఎరుపు స్పష్టంగా తేలి, ఖాళీ అనుకున్న బండలో జింకలు బయటపడతాయి. ఇందుకు మంచి ఫొటో అంటే ఎండ నేరుగా పడని, ఫ్లాష్ లేని, బండకు ఎదురుగా నిలబడి తీసినది. రంగు బొమ్మకు నీడ వెలుగు మంచిది. చెక్కడాలకు మాత్రం ఉదయం, సాయంత్రం ఏటవాలుగా పడే ఎండ కావాలి. నడినెత్తిన పొద్దు ఉన్నప్పుడు గాడి కనిపించదు. పక్కన ఒక చిన్న స్కేలు పట్టుకుని తీస్తే పరిమాణం తెలుస్తుంది. స్కేలును బండకు ఆనించొద్దు.

ఒకే రోజు మిగిలితే కేతవరమా బిల్లసర్గమా అని అడుగుతారు. కర్నూలు–నంద్యాల రోడ్డు మీద ఓర్వకల్లు రాక్ గార్డెన్ ఉంది. పర్యాటక శాఖ నడిపే పార్కు, పిల్లలకు బాగుంటుంది. కేతవరం బొమ్మలు ఆ మండలంలోనే. తిరుగు రైలు నంద్యాలలో ఎక్కేవాళ్లు కర్నూలు వైపు వెళ్లి వెనక్కి రావాల్సి ఉంటుంది. బిల్లసర్గం గుహల్లోకి తాళ్లు, టార్చిలు, తెలిసిన మనిషి లేకుండా ఇంటిల్లిపాదీ దిగడం నేను సమర్థించను.

ఇంటికొచ్చాక ఫొటోలతో చేయాల్సిన పని ఒకటి మిగులుతుంది. ఫేస్‌బుక్‌లో ఎంత కావాలంటే అంత పెట్టుకోండి, కానీ గుండు ఉన్న చోటు మ్యాపులో గుర్తుపెట్టి పంచొద్దు. ఊరి పేరు చాలు, అక్కణ్ణుంచి ఊరివాళ్లు చూపిస్తారు. ఎక్కడైనా కొత్త గీత, కొత్త పేరు, రాలిన పెచ్చు, దగ్గర్లో క్వారీ గుంత కనిపిస్తే, తేదీ వేసిన ఫొటోతో ఒక ఉత్తరం రాష్ట్ర పురావస్తు శాఖకు, ఒకటి ఆ జిల్లా కలెక్టరు కార్యాలయానికి పంపండి. ఉత్తరంలో గుండు పేరు, ఊరు, బొమ్మ ఎడమ నుంచి ఎన్నోది, నష్టం ఎంత వెడల్పు అన్న నాలుగూ రాస్తే చాలు.